దులపలేని దర్జా

శంషాబాదులో మా అబ్బాయి ఫ్లాటుకి ఎవరొచ్చినా, గుమ్మంలో చెప్పులు విప్పి, లోపలి గదిలోకి తొంగిచూసి, "అబ్బో, తివాచీయే!" అనేవారు. ఆ "అబ్బో"లో మెచ్చుకోలు ఎంత పాలో, దీన్ని ఎవరు శుభ్రం చేస్తారర్రా అనే జాలి ఎంత పాలో నాకు చాలా రోజులు బోధపడలేదు. ఇప్పుడు బోధపడింది. బోధపడ్డాక నోరు మూసుకుని కూర్చోవడం నా చేత కాదు గనక ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ముందుగా ఒక మనవి. నాకు తివాచీలంటే పగ లేదు. నేను ఏలూరు వాణ్ణి. ఏలూరు వాడు తివాచీని తిట్టడమంటే బందరు వాడు లడ్డూని తిట్టడమే. ఎప్పుడో పారశీక దేశం నుంచి వచ్చి స్థిరపడిన నేతగాళ్ల వంశాల వాళ్లు మా వూళ్లో మగ్గాలు నిలబెట్టి ఉన్ని తివాచీలు నేశారు. అవి సముద్రాలు దాటి దొరల ఇళ్లకి వెళ్లాయి. ఇటు ఓరుగల్లు సంగతి చూసినా అంతే. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు వున్నాయి. వరంగల్ జంపఖానాలకి 2018లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఇంత ఘనమైన వస్తువుని కాదనడానికి నేనెవణ్ణి? నా తగాదా తివాచీతో కాదు. జిగురుతో.

ఎత్తి, బయటికి తీసుకుపోయి, దులిపి, ఎండలో వెయ్యడానికి వీల్లేని తివాచీని చిన్న ఇంట్లో పరవకూడదు. ఇదీ నా వాదం. ఇందులో వేదాంతం ఏమీ లేదు. మా బామ్మకి తెలిసిన సంగతే. ఆవిడ బడికి వెళ్లలేదు.

మా చిన్నతనంలో పెళ్లిళ్లకి జంపఖానాలు అద్దెకి తెచ్చేవారు. వాటిని పందిట్లో పరిచేవారు. మూడు రోజులపాటు బంధువర్గం యావత్తూ దాని మీద కూర్చుని, తాంబూలాలు నమిలి, పేకాడి, చంటిపిల్లల చేత పాలు కక్కించి, సుఖంగా లేచిపోయేది. నాలుగోనాడు ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని వీధిలో నిలబడి ఒక్క విదిలింపు విదిలించేవారు. ఢామ్మని చప్పుడు! వక్కపలుకులూ, అక్షింతలూ, ఎవరిదో తప్పిపోయిన చెవిదుద్దు మరా అన్నీ బయటపడేవి. ఆ తరవాత కాలవకి తీసుకుపోయి, రాతి మీద ఉతికి, గట్టు మీద ఆరేసేవారు. సాయంత్రానికి జంపఖానా ఎండవాసన వేస్తూ తిరిగి వచ్చేది. గమనించారా? ఆ మొత్తం వ్యవహారంలో సబ్బుకి దక్కిన వాటా అణాయే. మిగతా పదిహేనణాలూ నీళ్లదీ, గాలిదీ, ఎండదీ.

ఇక శంషాబాదుకి వద్దాం. 2008 మార్చిలో విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి తరలివచ్చాక ఈ వూరి రూపే మారిపోయింది. విమానాశ్రయానికి అయిదు వేల ఎకరాల పైచిలుకు నేల. అందులో పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. విమానం పరిగెత్తడానికి నాలుగు కిలోమీటర్ల పైన చోటున్న వూళ్లో, మనిషి కాళ్లు చాపుకోవడానికి మాత్రం పదడుగుల గది! మా వాడి ముందుగది కొలతలు పదకొండు అడుగులు పొడవు, పది అడుగులు వెడల్పు. అందులో ఒక సోఫా, ఒక టీవీ బల్ల, మనవడి బొమ్మల పెట్టె, నా పడక కుర్చీ. వీటన్నిటి కిందా గోడ నుంచి గోడ దాకా జిగురేసి అంటించిన బూడిదరంగు తివాచీ. కిటికీ ఒక్కటే. అది తెరిస్తే కింద బెంగుళూరు హైవే దుమ్ము, పైన విమానాల రొద. కనక ఎప్పుడూ మూసే వుంటుంది. బాల్కనీ లేదా అంటారేమో, వుంది. తులసికుండీ పెట్టాక మనిషి నిలబడాలంటే పక్కకి తిరిగి నిలబడాలి.

గృహప్రవేశానికి ముందు, ఇళ్లు అలంకరించే కుర్రాడెవరో వచ్చి, "ఇక్కడ కార్పెట్ వేస్తే లుక్కే వేరు సార్" అన్నాట్ట. మా వాడు సరేనన్నాడు. ఆ లుక్కుకి అయిదేళ్లు నిండాయి. అలంకరించిన కుర్రాడు మళ్లీ రాలేదు. దుమ్ము మాత్రం రోజూ వస్తోంది.

వచ్చిన దుమ్ము ఏమవుతుంది? గచ్చు మీద పడితే కనిపిస్తుంది. కనిపిస్తే మనకి సిగ్గు కలుగుతుంది, ఊడుస్తాం. తివాచీ మీద పడితే కనిపించదు. నూలుపోగుల మధ్యనుంచి మెల్లిగా అడుక్కి దిగి, అక్కడ కాపరం పెడుతుంది. అందులో ఇసకరేణువులుంటాయి. మనం నడిచినప్పుడల్లా అవి చిన్నచిన్న కత్తుల్లాగా పోగుల మొదళ్లని కోస్తూ వుంటాయి. మన ఒంటి మీంచి రాలే చర్మపు పొట్టు వుంటుంది. ఆ పొట్టు తిని బతికే సూక్ష్మమైన పురుగులుంటాయి. మిల్లీమీటరులో మూడోవంతు వుంటుంది ఒక్కొక్కటీ. కంటికి ఆనదు. గాలిలో తేమ సగానికి మించితే వాటికి పండగే. హైదరాబాదు వానాకాలంలో తేమకేం తక్కువ? ఆ పురుగులు కుట్టవు, కరవవు. వాటి మలం పొడై గాలిలో లేస్తుంది. ఉబ్బసం వున్నవాడికి అది చాలు.

ఉబ్బసానికి మన నగరంలో లోటు లేదన్న సంగతి వేరే చెప్పాలా? ఏటా మృగశిర కార్తెకి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం కోసం నిలబడే వరసలు చూస్తే చాలు. నా మనవడికి నాలుగేళ్లు. వాడు ఆడుకునేది నేల మీద. పాకింది నేల మీద. నడక నేర్చింది, పడింది, పడిన బిస్కట్టు ఏరుకుని మళ్లీ నోట్లో పెట్టుకుంది ఆ తివాచీ మీదే. రాత్రిళ్లు దగ్గుతుంటే మేం వాతావరణాన్ని తిట్టాం, ఐస్‌క్రీముని తిట్టాం, ఆఖరికి వాళ్ల బడిని తిట్టాం. కాళ్ల కింద వున్నదాన్ని మాత్రం అనుమానించలేదు. వైద్యుడు అడిగే దాకా ఎవరికీ తోచలేదు: "ఇంట్లో తివాచీ వుందా?"

అసలు ఈ ప్రశ్న మా ఇంట్లో పనిచేసే ఆవిడ అంతకు ముందే వేసింది. చీపురు పుచ్చుకుని నిలబడి, "సారూ, గిది ఊడుస్తే పోదు, తుడుస్తే పోదు. గిసొంటిది ఎందుకేసిన్రు?" అంది. నేను నవ్వి, "అది మెషినుతో చెయ్యాలమ్మా" అన్నాను. "మెషిను ఎవలు పట్టాలె? నేనేనాయె" అంది. ఆ మాటలో వాదం మొత్తం వుంది. నాకు అప్పుడు వినిపించలేదు.

మెషిను కొన్నాం. సోఫా జరిపితే బొమ్మల పెట్టె తలుపుకి అడ్డం. బొమ్మల పెట్టె జరిపితే పడక కుర్చీ టీవీ మీదికి. పదకొండు అడుగుల గదిలో సామాను జరపడమంటే పిల్లలు ఆడే పదిహేను గళ్ల పలకల ఆటే. ఒక గడి ఖాళీ అయితేనే రెండోది కదిలేది. పైగా మెషిను ముందునుంచి పీల్చిన దుమ్ములో మెత్తటిదంతా వెనకనుంచి గదిలోకే వదిలేది. కిటికీ మూసిన గదిలో అది ఎక్కడికి పోతుంది? గాలిలో గంటసేపు తిరిగి, అలిసి, మళ్లీ తివాచీ మీదే పడుకునేది.

అందుకని, పోయిన వానాకాలంలో, వైద్యుడు అడిగిన వారం రోజులకి, శుభ్రం చేసే కంపెనీ వాళ్లని పిలిచాం. కంపెనీ పేరు చెప్పను. చెప్పి లాభం లేదు, పేరేదైనా పద్ధతి అదే. వచ్చినవాడు ఇరవయ్యేళ్లయినా నిండని కుర్రాడు. పాలమూరు జిల్లా. ఒక పెద్ద మెషిను, నాలుగు సీసాలు. మెషిను మీద కంపెనీ పేరు బంగారు అక్షరాలతో వుంది. సీసాల మీద ఏమీ లేదు, కాగితాలు ఊడిపోయాయి. ముక్కుకి గుడ్డ లేదు, చేతులకి తొడుగులు లేవు.

పని మొదలుపెట్టగానే ఘాటు వాసన వచ్చింది. పెట్రోలూ, ఇంకేదో కలిసిన వాసన. మనవడు లోపలి గదిలో వున్నాడు. నేను వెళ్లి, "బాబూ, తలుపు వేసుకుని చేసుకో, వాసన ఇటు వస్తోంది" అన్నాను. వాడు "సరే సార్" అని తలుపు వేసుకున్నాడు.

పాఠకులు ఈ వాక్యాన్ని మరొక్కసారి చదవాలని నా మనవి. తలుపు వేసుకోమన్నది కంపెనీ కాదు. నేను. వాసన నా మనవడికి తగలకూడదనుకున్నాను. ఎవరికి తగలాలి మరి? ఆ ప్రశ్న నా బుర్రకి తట్టలేదు.

పావుగంటయింది. మెషిను చప్పుడు ఆగిపోయింది. పని అయిపోయింది కాబోలనుకున్నాం. మా ఆవిడకి ఎందుకో అనుమానం వచ్చి, "ఏమండీ, అలికిడి లేదేమిటి? ఒకసారి చూడండి" అంది. తలుపు తీశాను. కుర్రాడు సోఫాకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కళ్లు తేలేస్తున్నాడు. పలకరిస్తే పలుకు లేదు. మా ఆవిడ నన్ను తోసేసి లోపలికి వెళ్లి కిటికీ తెరిచింది. ఇద్దరం వాణ్ణి రెక్కలు పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చాం. ఎదురింటాయన సాయంతో కిందికి దింపి చెట్టుకింద కూర్చోబెట్టాం. పది నిమిషాలకి వాంతి అయింది. ఇరవై నిమిషాలకి మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "సార్, ఆఫీసుకు ఫోన్ చెయ్యకుండ్రి. పని కాలేదంటే పైసలు కోస్తరు."

ఆస్పత్రికి తీసుకుపోతామంటే రానన్నాడు. బలవంతాన తీసుకువెళ్లాం. పెద్ద ప్రమాదమేమీ లేదన్నారు. "ఇంకాసేపు అక్కడే వుంటే?" అని మా వాడు అడిగాడు. వైద్యుడు జవాబు చెప్పకుండా తలూపాడు.

తరవాత నేను పుస్తకాలు తిరగేశాను. అప్పుడు తెలిసింది. పెట్రోలు జాతి ద్రావకాల ఆవిరి గాలికన్న బరువైనది. పైకి లేచి పోదు. నేల మీద కంబళిలాగా పరుచుకుంటుంది. గదిలో నిలబడి అజమాయిషీ చేసేవాడికి వాసన తగులుతుంది. మోకాళ్ల మీద కూర్చుని రుద్దేవాడికి ఆవిరే తగులుతుంది. ఇంతకన్న ఘోరం ఇంకోటుంది. మరక పోవడం లేదని కొందరు బ్లీచింగు ద్రావకంలో పాయిఖానా కడిగే ఆసిడ్ కలుపుతారు. అందులోంచి పుట్టేది క్లోరిన్. అదీ గాలికన్న బరువే. 1915 ఏప్రిల్లో బెల్జియంలో ఈప్ర్ అనే వూరి దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలిన విషవాయువు అదే. కందకాల్ని ఎంచుకోవడంలో కిటుకు ఆ బరువే. పల్లంలోకి దిగుతుంది. మూసిన గదిలో తివాచీ మీద వంగిన మనిషి కందకంలో వున్నట్టే లెక్క. కంపెనీలు బంగారు అక్షరాలకి పెట్టే ఖర్చులో కాస్త సీసాల మీద కాగితాలకీ, ముక్కుకి కట్టే మంచి ముసుగుకీ, ఈ ఒక్క ముక్క కుర్రాళ్లకి చెప్పడానికీ పెడితే ఏం పోయె?

"మీరు పాతకాలం వారు. ఇప్పుడు మంచి మెషిన్లున్నాయి" అంటారు మిత్రులు. సరే, మెషిను కథే చెప్పుకుందాం. 1901లో లండనులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు, దుమ్ముని ఊది ఎగరగొట్టే యంత్రం ప్రదర్శిస్తుంటే చూశాడు. ఎగిరిన దుమ్ము మళ్లీ అక్కడే పడుతోంది. ఊదే బదులు పీల్చకూడదా అనుకున్నాడు. హోటల్లో కుర్చీకి చేతిరుమాలు అడ్డం పెట్టి నోటితో పీల్చి చూశాట్ట. ఉక్కిరిబిక్కిరయ్యాడుగాని రుమాలుకి మురికి అంటింది. అలా పుట్టింది దుమ్ము పీల్చే యంత్రం. మరి అదెక్కడ వుండేదో తెలుసా? గుర్రబ్బండి మీద, వీధిలో! గొట్టాలు మాత్రం కిటికీల్లోంచి లోపలికి వెళ్లేవి. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో తివాచీని శుభ్రం చేసింది ఆ యంత్రమే. చూశారూ, ఆ మహానుభావుడికి కూడా మా బామ్మకి తెలిసిన సంగతి తెలుసు. మురికి ఇంటి బయటికి పోవాలి. యంత్రాన్ని చంకలో పట్టేంత చిన్నది చేసి, ఇంట్లోకి తెచ్చి, తలుపులు మూసుకున్నది తరవాతి వాళ్లు.

"అయితే విమానాల్లో తివాచీలు లేవా?" అని మా వాడే అడిగాడు. వాడి ఉద్యోగం విమానాశ్రయంలోనే గనక ఆ గీర వుంటుంది. మంచి ప్రశ్న. నేను వాడి చేతే జవాబు చెప్పించాను. నూట ఎనభై మంది పట్టే విమానంలో నడవ వెడల్పు ఇరవై అంగుళాలకి అటూ ఇటూ. సీట్ల వరసల మధ్య మోకాలు పట్టడమే గొప్ప. అంతకన్న ఇరుకు చోటు, అంతకన్న ఎక్కువ కాళ్లు తొక్కే చోటు భూమ్మీద అరుదు. దిగినవాళ్లు దిగాక, ఎక్కేవాళ్లు ఎక్కే లోపల, శుభ్రం చేసే మనుషులకి దొరికేవి కొద్ది నిమిషాలు. వాళ్లు వంగి, పాకి, వరస వరసా ఏరుకుంటూ పోతారు. మనం సీటు నంబరు వెతుక్కుంటూ లోపలికి అడుగు పెట్టేసరికి వాళ్లు వెనక తలుపు దాటేస్తారు. వాళ్ల ముఖాలు మనం చూడం.

అయితే విమానం వాళ్లకి తివాచీ వెయ్యడానికి కారణం వుంది. చప్పుడు తగ్గాలి, కాలు జారకూడదు, బరువు పెరగకూడదు, నిప్పంటుకుంటే మండకూడదు. అంతకన్న ముఖ్యం ఇంకోటుంది. విమానంలో తివాచీని జిగురేసి శాశ్వతంగా పాతెయ్యరు. ముక్కలుగా కత్తిరించి, రెండు వైపులా అంటుకునే పట్టీతో నిలబెడతారు. పాడైన ముక్కని ఊడదీసి, బయటికి పట్టుకుపోయి, వేరే ముక్క వేస్తారు. పెద్ద మరమ్మతుకి షెడ్డులో పెట్టినప్పుడు సీట్లే ఊడదీసి బయట పెడతారు, ఇక తివాచీ ఓ లెక్కా? ఈ మాట చెప్పి మా వాడు తనే ఆగిపోయాడు. "అంటే నాన్నా, విమానంలో కూడా బయటికే తీస్తారన్నమాట" అన్నాడు. అదేరా అబ్బాయీ నేను మొత్తుకునేది!

ఇంక అవతలివాళ్ల వాదాలు రెండున్నాయి. వాటికి సమాధానం చెప్పకుండా తప్పుకోవడం మర్యాద కాదు. ఒకటి: మెత్తన. పిల్లాడు పడితే దెబ్బ తగలదంటారు. నిజమే. చాప మీద బొంత వేసినా దెబ్బ తగలదు, ఆ బొంతని ఉతకొచ్చు. రెండోది: చల్లదనం నుంచి కాపుదల. చలిదేశాల్లో ఇది గొప్ప సుగుణం. ఆరునెలలు మంచులో వుండేవాడు కాళ్ల కింద ఉన్ని పరుచుకోక ఏం చేస్తాడు? కాని మనది ఏ దేశం? మే నెలలో తాండూరు బండ మీద తడిగుడ్డ పెట్టి, దాని మీద వెల్లకిలా పడుకుని స్వర్గం చూసే జాతి మనది. మనకి నేల చల్లగా వుండడం ఒక జబ్బా? అవతలివాడి చలికోటు తొడుక్కుని మన ఎండలో తిరిగితే దాన్ని దర్జా అంటారా, ఇంకేమన్నా అంటారా?

ఇప్పటికే జిగురేసి అంటించుకున్నవాళ్లు నన్ను తిట్టుకుంటారు. వాళ్ల కోసం నేను నేర్చుకున్నది చెప్తాను. శుభ్రం చేసే రోజున ఎండ వుండాలి, గాలి వుండాలి. కిటికీ, దానికి ఎదురుగా తలుపు, రెండూ తెరవాలి. పంకాని కిటికీకి ఎదురుగా బయటి వైపు తిప్పి పెడితే వాసనా తేమా బయటికి పోతాయి. గది మొత్తం ఒకేసారి పెట్టుకోవద్దు. సామాను సగానికి జరిపి, ఇవాళ ఈ సగం, రేపు ఆ సగం. మూల నుంచి గుమ్మం వైపు రావాలి, లేకపోతే తడి తొక్కుకుంటూ తిరగాలి. మెషినుని నెమ్మదిగా, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి నడపాలి. మరక పడితే రుద్దకూడదు. రుద్దితే లోపలికి దిగుతుంది. పొడిగుడ్డతో అద్ది అద్ది పైకి లాగాలి. వాసనకి వంటసోడా చల్లి, కొన్ని గంటలుంచి పీల్చేస్తే చాలు. నీళ్లు గుమ్మరించకూడదు. తడిసిన తివాచీ ఒకటి రెండు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే అడుగున బూజు పడుతుంది. అందుకే ముసురు పట్టిన రోజున తడి పని అసలు పెట్టుకోవద్దు. బ్లీచింగులో ఇంకేదీ కలపవద్దు. పేరు లేని సీసా ఇంట్లోకి రానివ్వద్దు. అన్నిటికన్న ముఖ్యం, పనిచేసే మనిషిని లోపల పెట్టి తలుపు వెయ్యవద్దు. మీకు పడని గాలి అతనికీ పడదు.

శుభ్రం అంటే మన ఇంట్లో మురికిని ఇంకొకడి ఊపిరితిత్తుల్లోకి బదిలీ చెయ్యడం కాదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి అరవై ఎనిమిదేళ్ల వయసులో, నాకు ఒక కుర్రవాడు సొమ్మసిల్లవలసి వచ్చింది. వాడికి ఆరోజు కూలి మేమే ఇచ్చాం. కాగితం మీద "పని పూర్తయింది" అని సంతకం కూడా పెట్టాను. ఉద్యోగ కాలంలో ఒక్క అబద్ధపు సంతకం చెయ్యలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు చెప్పుకోవడం మానేశాను.

ఆ తరవాతి ఆదివారం తివాచీని పీకేశాం. ముక్కుకి తడి తుండు కట్టుకుని, కిటికీ బార్లా తెరిచి, నేనూ మా వాడూ కత్తులు పుచ్చుకుని కూర్చున్నాం. జిగురు ఊడుతుంటే చర్మం ఒలిచినట్టు చప్పుడు. అడుగున బూడిదలాంటి పొడి చేటలకి చేటలు ఎత్తిపోశాం. కిటికీ పక్క మూలలో అరచెయ్యంత మేర నల్లటి బూజు. సరిగ్గా మనవడి బొమ్మల పెట్టె వుండే చోటు. మా వాడు దాన్ని చాలాసేపు చూశాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. పొడి మొత్తం ఎత్తేశాక తడిగుడ్డ పెట్టి తుడిస్తే కింద ఏముందనుకున్నారు? తళతళలాడే తెల్లటి పలకల గచ్చు! ఫ్లాటు కొన్నప్పుడు దానికీ డబ్బు పోశాడు, దాన్ని కప్పడానికీ డబ్బు పోశాడు, కప్పినదాన్ని కడగడానికీ పోశాడు. ఇప్పుడు పీకినదాన్ని పారెయ్యడానికి ఆటోవాడికి పోశాడు.

మర్నాడు పొద్దున్న పనిచేసే ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడి గచ్చుకేసి చూసి, "గిప్పుడు ఇల్లు లెక్కున్నది" అంది. అయిదు నిమిషాల్లో ఊడ్చి తుడిచేసింది. మనవడి దగ్గు పూర్తిగా పోయిందని చెప్పను, అబద్ధమవుతుంది. రాత్రిళ్లు లేవడం తగ్గింది. మాకది చాలు.

గది మరీ బోసిగా వుందని మా ఆవిడ గొణిగితే, వరంగల్ నుంచి ఎర్రా నీలం చారల జంపఖానా ఒకటి తెప్పించాను. నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. ఎవరన్నా వస్తే పరుస్తాం, వెళ్లాక చుట్టి మూల పెడతాం. ఆదివారం పొద్దున్నే మేమిద్దరం దాన్ని డాబా మీదికి పట్టుకెళ్లి, చెరో కొసా పట్టుకుని విదిలిస్తాం. ఈ వయసులో ఆ "ఢాం" చప్పుడు వింటే ఎంత హాయిగా వుంటుందో చెప్పలేను. పైన ఏదో విమానం రొద చేసుకుంటూ దిగుతూ వుంటుంది. దాని చప్పుడు దానిది, మా చప్పుడు మాది.

మొదటి ఆదివారమే కింది అంతస్తు ఆవిడ కిటికీలోంచి తల పెట్టి, "ఏమండీ పెద్దాయనా, మీ దుమ్మంతా మా వడియాల మీద పడుతోందండీ!" అని కేకేసింది. ఆవిడ మాట నూటికి నూరుపాళ్లూ న్యాయం. అందుకని ఇప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకుని, కింద వడియాలున్నాయేమో అడిగి, ఆ తరవాతే దులుపుతున్నాం.